మూడేళ్ల వీసీ

1,095 రోజులు. తెలుగు రాష్ట్రాల్లో రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి వీసీగా, అంటే ఉపకులపతిగా వచ్చినవారికి దొరికేది అంతే. మూడేళ్లు. అందులో ఆదివారాలు, సెలవులు, హైదరాబాద్‌కో అమరావతికో ఢిల్లీకో తిరిగే రోజులు, స్నాతకోత్సవం ఏర్పాట్లు, ఎన్నికల కోడ్ అమల్లో ఉన్న నెలలు తీసేస్తే నికరంగా పనికి మిగిలేది రెండేళ్లు కూడా ఉండదు.

పక్కన విశ్వవిద్యాలయం నడిచే లెక్క పెట్టి చూడండి. విశ్వవిద్యాలయాలకు ప్రమాణాలు నిర్ణయించే యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. విశ్వవిద్యాలయాల నాణ్యతను మదింపు చేసే నాక్ సంస్థ గ్రేడు సాధారణంగా ఐదేళ్లకు ఇస్తారు, దానికి సమర్పించే నివేదికలో గత ఐదేళ్ల వివరాలు ఉండాలి. అంటే ఈ రోజు కొత్త వీసీ నాక్ బృందాన్ని ఆహ్వానిస్తే, వచ్చే మార్కుల్లో పెద్ద భాగం ముందున్నవారి కాలానివి. ఆయన ఇప్పుడు నాటిన దానికి మార్కులు పడేది తర్వాత వచ్చేవారి హయాంలో. వీసీ గురించి మాట్లాడేటప్పుడు అందరూ అధికారం గురించే మాట్లాడతారు. నా దృష్టిలో అసలు సంగతి కాలం. ఈ పదవిలో ఏది సాధ్యం, ఏది కాదు, ఎక్కడ చెడుతుంది అన్నవన్నీ కాలం దగ్గరే తేలతాయి.

ముందు ఆ కుర్చీ దాకా ఎలా వస్తారో చూద్దాం. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ప్రెసిడెంట్ చేసే పని మన దగ్గర ఉపకులపతిది. కులపతి గవర్నరు. నియామక ఉత్తర్వు ఆయన పేరున వస్తుంది, రోజువారీ పాలన ఆయనది కాదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం వీసీ కావాలంటే విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా కనీసం పదేళ్ల అనుభవం ఉండాలి, లేదా పేరున్న పరిశోధన, విద్యాపాలన సంస్థలో పదేళ్లు చేసి విద్యా నాయకత్వం చూపినట్టు ఆధారం ఉండాలి. పీహెచ్‌డీ చేతిలో పెట్టుకుని అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరినవారికి పదోన్నతుల మెట్లు నాలుగు: నాలుగేళ్లు, ఐదేళ్లు, మూడేళ్లు, మళ్లీ మూడేళ్లు. ఒక్క ఇంటర్వ్యూ కూడా ఆలస్యం కాకపోతే పదిహేనేళ్లకు ప్రొఫెసర్. ముప్ఫయ్యో ఏట చేరితే నలభై అయిదుకు ప్రొఫెసర్, యాభై అయిదుకు వీసీ అర్హత. మన దగ్గర పదోన్నతి ఇంటర్వ్యూలు సకాలంలో జరగడం అరుదు కాబట్టి ఈ లెక్కకు మూడు నాలుగేళ్లు కలుపుకోవాలి. బకాయి పదోన్నతులను పాత తేదీ నుంచి వర్తింపజేసినా, మధ్యలో పోయిన ఉత్సాహం పాత తేదీ నుంచి తిరిగి రాదు.

అర్హత తర్వాత సెర్చ్ కమిటీ. మన చట్టంలో ముగ్గురు: విశ్వవిద్యాలయం తరఫున ఒకరు, యూజీసీ నామినీ ఒకరు, ప్రభుత్వ నామినీ ఒకరు. యూజీసీ నిబంధన ఏమంటుందంటే, కమిటీ సభ్యులకు ఆ విశ్వవిద్యాలయంతో గానీ దాని కాలేజీలతో గానీ ఏ విధమైన సంబంధమూ ఉండకూడదు, కమిటీ మూడు నుంచి ఐదు పేర్లతో ప్యానెల్ ఇవ్వాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. కేరళలో ఏపీజే అబ్దుల్ కలాం సాంకేతిక విశ్వవిద్యాలయానికి కమిటీ ఒకే ఒక్క పేరు పంపింది. 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ నియామకాన్ని కొట్టేసింది. రాష్ట్ర చట్టం ఒకలా, యూజీసీ నిబంధన ఇంకోలా ఉంటే యూజీసీదే చెల్లుతుందని అదే ఏడాది మార్చిలో గుజరాత్‌లోని సర్దార్ పటేల్ విశ్వవిద్యాలయం కేసులోనూ తేల్చింది. కాబట్టి కమిటీ మినిట్స్‌లో ఎన్ని పేర్లు వచ్చాయి, ఎవరి పేరు ఎందుకు చేర్చారు అన్నది రాతలో ఉండాలి. ఒక్క సంతకం తేడా పడితే మంచి వీసీ కూడా మధ్యలో దిగిపోవాల్సి వస్తుంది.

ఇక కమిటీ సమయానికి కూర్చోకపోతే వచ్చే చిక్కు వేరు. పాత వీసీ దిగే తేదీ మూడేళ్ల ముందే తెలుసు. అయినా కమిటీ వేయడం ఆలస్యమవుతుంది, యూజీసీ నామినీ పేరు రావడం ఆలస్యమవుతుంది, దస్త్రం గవర్నరు కార్యాలయానికీ సచివాలయానికీ మధ్య తిరుగుతుంది. తెలంగాణలో 2024 మేలో పది విశ్వవిద్యాలయాల వీసీల గడువు ఒకేసారి ముగిసింది. ఐఏఎస్ అధికారులు ఇన్‌ఛార్జి వీసీలుగా వచ్చారు. పూర్తికాలపు వీసీలు అక్టోబరులో గానీ రాలేదు. ఇన్‌ఛార్జి ఎంత సమర్థుడైనా జీతాల బిల్లు మీద సంతకం చేస్తారు, పరీక్షలు ఆగకుండా చూస్తారు. నియామకాల జోలికి, కొత్త కోర్సుల జోలికి, దీర్ఘకాల ఒప్పందాల జోలికి పోరు. ఆయనకు తన శాఖ పని తనకుంది, ఇది అదనం. అలా పోయిన అయిదు నెలలను ఏ వీసీ ఖాతాలోనూ ఎవరూ రాయరు. విద్యార్థి ఖాతాలో మాత్రం అది ఒక సెమిస్టర్.

చేరిన మొదటి వారంలో వీసీ నేర్చుకోవాల్సింది ఒక్కటే: దస్త్రం ఎలా కదులుతుందో. ఉదాహరణకు ఒక విభాగం స్పెక్ట్రోమీటర్ మరమ్మతుకు డబ్బు అడిగింది అనుకుందాం. విభాగాధిపతి లేఖ ప్రిన్సిపల్ ద్వారా తపాలులో వస్తుంది. సెక్షన్‌లో సహాయకుడు నోట్ ఫైల్ తెరిచి పై అధికారి ముందు పెడతాడు. సూపరింటెండెంట్ చూస్తారు, అసిస్టెంట్ రిజిస్ట్రార్ చూస్తారు, డిప్యూటీ రిజిస్ట్రార్ చూస్తారు. డబ్బు వ్యవహారం కాబట్టి ఫైనాన్స్ ఆఫీసర్ దగ్గరికి వెళుతుంది. 'బడ్జెట్ ఏ పద్దులో ఉందో తెలపగలరు' అని ఒక వాక్యం రాసి వెనక్కి పంపుతారు. మళ్లీ కిందికి దిగి, మళ్లీ ఎక్కి, రిజిస్ట్రార్ సంతకంతో వీసీ బల్ల మీదికి వస్తుంది. వీసీ దాని మీద 'మాట్లాడండి' అని రాశారంటే ఆ దస్త్రం మళ్లీ మొదటి మెట్టుకు. చేరిన కొత్తలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. అనుమానం వస్తే ఆ ప్రశ్న ఏమిటో పూర్తిగా, ఎవరు ఎప్పటిలోగా జవాబివ్వాలో కూడా నోట్‌లోనే రాయాలి. 'మాట్లాడండి' అన్నది ఉత్తర్వు కాదు, వాయిదా.

రెండో పొరపాటు అత్యవసర అధికారం. పాలక మండలి సమావేశం కాని రోజుల్లో వీసీ నిర్ణయం తీసుకుని తర్వాత మండలి ఆమోదానికి పెట్టవచ్చు. వరద వచ్చి హాస్టల్ గోడ కూలితే ఆ అధికారం కావాలి. కానీ దాన్ని రోజువారీ పనికి వాడడం మొదలెడితే మండలి అజెండాలో సగం 'ర్యాటిఫికేషన్' అంశాలే ఉంటాయి. మండలిలో విద్యాశాఖ, ఆర్థికశాఖ కార్యదర్శులు పదవిరీత్యా సభ్యులు. వాళ్లు ఒక్క అంశం మీద 'ప్రభుత్వ పరిశీలనకు' అని రాస్తే, అప్పటికే ఖర్చయిన డబ్బు ఆడిట్ అభ్యంతరంగా మారుతుంది. ఆ అభ్యంతరం వీసీ పదవీ విరమణ తర్వాత కూడా ఆయన చిరునామా వెతుక్కుంటూ వెళుతుంది.

డబ్బు సంగతి తక్కువ మాటల్లో చెప్పొచ్చు. ప్రభుత్వం ఇచ్చే బ్లాక్ గ్రాంటు జీతాలకు, పింఛన్లకు వెళ్లిపోతుంది, చాలాచోట్ల అదీ చాలదు. మిగిలిన నడక పరీక్ష రుసుములు, అనుబంధ కాలేజీల అఫిలియేషన్ రుసుములు, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుల ఫీజుల మీద. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి పడితే ఈ మూడో కాలు కూడా ఊగుతుంది. ప్రాజెక్టుల కింద కేంద్రం నుంచి వచ్చే డబ్బుకు అది ఎలా ఖర్చయిందో చెప్పే వినియోగ పత్రం కేంద్ర ఆర్థిక నియమావళిలోని జీఎఫ్ఆర్ 12-ఎ నమూనాలో పంపాలి. అది వెళ్లకపోతే తర్వాతి విడత రాదు. పరిశోధకుడి ఫెలోషిప్ ఆగిపోయిందని ధర్నా జరిగితే, అసలు కారణం చాలాసార్లు ఆ ఒక్క కాగితం.

ఇక నియామకాలు. వీసీ మూడేళ్లను మింగేది ఇదే. ఖాళీల లెక్క తీయాలి. ఆ ఖాళీలను, రిజర్వేషన్ల వరుస రాసి ఉంచే రోస్టర్ రిజిస్టర్‌తో సరిచూడాలి: ఏ పాయింటు ఎవరికి, బ్యాక్‌లాగ్ ఏవి, గతంలో ఏ నియామకం ఏ పాయింటులో చూపారు. పాత రిజిస్టర్లలో కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉంటాయి. వీటిని సరిచేయకుండా నోటిఫికేషన్ ఇస్తే మొదటి రిట్ పిటిషన్‌కే స్టే వస్తుంది. తర్వాత ప్రభుత్వ అనుమతి, ఆర్థికశాఖ సమ్మతి, నోటిఫికేషన్, దరఖాస్తుల పరిశీలన. ఒక్కో అభ్యర్థి వ్యాసాలు, అనుభవం, మార్కులు లెక్కగట్టి జాబితా పెట్టాలి. ఎంపిక కమిటీకి వీసీయే అధ్యక్షుడు. పాలక మండలి ఆమోదించిన జాబితా నుంచి ముగ్గురు విషయ నిపుణులు, కులపతి నామినీ, డీన్, విభాగాధిపతి, రిజర్వుడు వర్గాల ప్రతినిధి ఉంటారు. కోరం నలుగురు, అందులో ఇద్దరు బయటి నిపుణులు తప్పనిసరి. ఢిల్లీ నుంచి రావాల్సిన నిపుణుడి విమానం రద్దయి, వచ్చింది ఒక్కరే అయితే ఆ రోజు ఇంటర్వ్యూలు వాయిదా వేయాల్సిందే. మొహమాటపడి కానిచ్చేస్తే నాలుగేళ్ల తర్వాత కోర్టులో ఆ ఎంపికంతా పోతుంది. సిఫారసులు సీల్డ్ కవర్లలో పాలక మండలికి వెళ్లి అక్కడ తెరుచుకుంటాయి.

ఈ మెట్లన్నీ వరుసగా ఎక్కితే ఎక్కడా కేసు పడకపోయినా ఏడాదిన్నర సులభంగా పడుతుంది. అందుకే నా అభిప్రాయంలో కొత్త వీసీ చేరిన నెలలోనే రోస్టర్ రిజిస్టర్ తెప్పించుకోవాలి. ప్రహరీ గోడలు, ముఖద్వారాలు, రంగులు తర్వాత. రెండో ఏడాది చివర నియామకాలు మొదలుపెట్టిన వీసీ వాటిని పూర్తిచేయలేరు. పైగా చివరి ఆరు నెలల్లో చేసిన ఎంపికల మీద అనుమానం ముందు పుడుతుంది, ఆధారం తర్వాత వెతుకుతారు. ఎంత నిజాయతీగా చేసినా సరే. ఆ నెలల్లో ఇంటర్వ్యూలు పెట్టకపోవడమే మేలు.

ఈ లెక్కను మన పాత వీసీల లెక్కతో పోల్చండి. కట్టమంచి రామలింగారెడ్డి 1880 డిసెంబరు 10న చిత్తూరు దగ్గరి కట్టమంచిలో పుట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీ తర్వాత ప్రభుత్వ ఉపకార వేతనంతో కేంబ్రిడ్జి సెయింట్ జాన్స్ కాలేజీలో చరిత్ర చదివారు. బరోడా కళాశాలలో పనిచేశారు. మైసూరులో మహారాజా కాలేజీ ఆచార్యుడు, ప్రిన్సిపల్, ఆపైన సంస్థానానికి విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్. 1921లో అది వదిలి రాజకీయాల్లోకి వచ్చి, 1923 నవంబరులో మద్రాసు శాసనమండలిలో పానగల్ రాజా మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. తీర్మానం ఓడింది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడ్డప్పుడు తొలి ఉపకులపతి అయ్యారు. అంటే తరగతి గది, ప్రిన్సిపల్ గది, విద్యాశాఖ, శాసనసభ, నాలుగూ తెలిసిన మనిషి ఆ కుర్చీలో కూర్చున్నారు. ఇప్పటి అర్హత నిబంధనలో ప్రొఫెసర్ అనుభవం సంవత్సరాల్లో కొలుస్తారు. శాసనసభలో బడ్జెట్ ఎలా పాసవుతుందో తెలిసి ఉండడం ఏ సంవత్సరాల లెక్కలోకీ రాదు.

ఆయనకు చేతికి వచ్చింది చట్టం, పేరు. విశ్వవిద్యాలయం మొదట బెజవాడలో తెరిచారు. కేంద్రం ఎక్కడుండాలన్న తగాదా తేలి వాల్తేరుకు మారేసరికి 1930. మొదటి నాలుగేళ్లు దాని మీదే చాలా శ్రమ పోయింది. డబ్బు అండ జైపూర్ (ఇప్పటి ఒడిశాలోని జయపురం) మహారాజా విక్రమదేవ వర్మ నుంచి దొరికింది. ఏటా లక్ష రూపాయల శాశ్వత విరాళం. ఆ రోజుల్లో లక్ష అంటే సైన్సు కళాశాల నిలబడే మొత్తం, ఆ కళాశాలకు మహారాజా పేరే పెట్టారు. ఒకసారి ఇచ్చే పెద్ద మొత్తం కంటే ఏటా వచ్చే స్థిరమైన మొత్తం ఎంత విలువైనదో విశ్వవిద్యాలయం నడిపినవారికే తెలుస్తుంది. భవనం ఒక్కసారి కడితే సరిపోతుంది, ప్రయోగశాలకు మాత్రం ఏటా రసాయనాలు కొనాలి.

ఉప్పు సత్యాగ్రహం నాటి ప్రభుత్వ అణచివేతకు నిరసనగా రామలింగారెడ్డి రాజీనామా చేశారు. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చి 1936 దాకా ఉన్నారు. ఆయన హయాంలో సూరి భగవంతం భౌతికశాస్త్రంలో, టి.ఆర్. శేషాద్రి రసాయనశాస్త్రంలో చేరారు. తర్వాత కేంద్రమంత్రి అయిన హుమాయూన్ కబీర్, పార్లమెంటు సభ్యుడైన హీరేన్ ముఖర్జీ కొంతకాలం అక్కడ పాఠాలు చెప్పారు. చేరేనాటికి అందరూ ముప్ఫై అయిదేళ్ల లోపువాళ్లే. పేరు మోసిన తర్వాత తెచ్చుకోవడం కాదు, పేరు రాకముందే గుర్తుపట్టడం. భగవంతం తర్వాత ఉస్మానియాకు వీసీ అయ్యారు. ఒక వీసీ సరిగా చేసిన నియామకం ఇరవై ఏళ్ల తర్వాత ఇంకో విశ్వవిద్యాలయానికి వీసీని ఇచ్చింది.

రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లాక 1936లో రామలింగారెడ్డి మళ్లీ వచ్చి 1949 దాకా ఉన్నారు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. క్యాంపస్ సైన్యం చేతికి వెళ్లింది, విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలి, 1946లో తిరిగి వాల్తేరు చేరింది. తరలింపు, తిరిగి రావడం కలిపి నాలుగేళ్లు. మూడేళ్ల వీసీ అయితే సామాను సర్దినవారు ఒకరు, విప్పినవారు మరొకరు అయ్యేవారు. తర్వాత వి.ఎస్. కృష్ణ 1949 నుంచి 1961 దాకా. అంటే తొలి ముప్ఫై అయిదేళ్లలో ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని నడిపింది ముగ్గురే.

మరి మూడేళ్లు ఎలా వచ్చాయి? ఉస్మానియాలో జరిగింది చూస్తే కొంత అర్థమవుతుంది. డి.ఎస్. రెడ్డి 1957లో అక్కడ వీసీ అయ్యారు. 1964లో మరో ఐదేళ్లకు నియమించారు. విశ్వవిద్యాలయాలకు ఆదేశాలు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఉండేలా చట్టం మార్చబోతే ఆయన, అధ్యాపకులు వ్యతిరేకించారు. 1966లో సవరణ వచ్చింది. వీసీ పదవీకాలం ఐదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గింది. వీసీని తొలగించాలంటే న్యాయమూర్తి స్థాయి వ్యక్తి విచారణ జరపాలన్న రక్షణ కూడా అందులోనే చేర్చారు. అదే ఏడాది రెండో సవరణలో 13-ఎ సెక్షన్ పెట్టారు: ఇప్పుడున్న వీసీ కొత్తవారు వచ్చేదాకానే ఉంటారు, కొత్త నియామకం 90 రోజుల్లో జరగాలి. సుప్రీంకోర్టు 1967లో ఆ సెక్షన్‌ను కొట్టేసింది. రాబోయే వీసీలకు విచారణ రక్షణ ఇచ్చి, ఉన్న ఒక్క వీసీని విచారణ లేకుండా దించడం రాజ్యాంగం 14వ అధికరణకు విరుద్ధం అని. డి.ఎస్. రెడ్డి 1969 దాకా ఉన్నారు. ఆయన నిలిచారు గానీ మూడేళ్ల గడువు కూడా నిలిచిపోయింది. 1991 ఉమ్మడి విశ్వవిద్యాలయాల చట్టంలోనూ మూడేళ్లే. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఐదేళ్లు. ఒకే ఊళ్లో ఉన్న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వీసీకి ఐదేళ్లు, ఉస్మానియా వీసీకి మూడేళ్లు ఎందుకో నాకు సమంజసమైన కారణం ఒక్కటీ కనిపించదు.

తక్కువ కాలంలోనూ ఎక్కువ చేసినవారు లేరని కాదు. జి. రామ్‌రెడ్డి ఉస్మానియా వీసీగా చేసి, 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయానికి తొలి వీసీ అయ్యారు. అదే ఇప్పటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1985లో జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నోకు తొలి వీసీ, 1991లో యూజీసీ ఛైర్మన్. ఆయనకు కుర్చీలు మారాయి గానీ పని మారలేదు: కాలేజీకి రాలేనివారి ఇంటికి చదువు చేర్చడం. ఒక్కో చోట కొద్ది ఏళ్లే దొరికినా, ఒకే పనిని ముందుకు జరుపుకుంటూ పోయారు.

మూడో ఏడాది వచ్చేసరికి వీసీ గది బయట కుర్చీల్లో కూర్చునేవారు తగ్గుతారు. తర్వాత ఎవరన్న ఊహాగానాలు క్యాంటీన్‌లో మొదలవుతాయి. దస్త్రాలు నెమ్మదిస్తాయి, ఎందుకంటే కొత్తవారు వచ్చాక పెడదామని సెక్షన్లు ఆగుతాయి. ఈ నెలల్లో చేయదగ్గ మంచి పని అప్పగింత నోట్ రాయడం. మన దగ్గర చార్జ్ అప్పగింత అంటే ఒక పేజీ పత్రం: ఫలానా తేదీ మధ్యాహ్నం నుంచి బాధ్యతలు అప్పగించాను, స్వీకరించాను, రెండు సంతకాలు. అది చాలదు. నడుస్తున్న కోర్టు కేసుల జాబితా, ఒక్కోదానిలో కౌంటర్ దాఖలు చేయాల్సిన తేదీ. పాలక మండలి తీర్మానాల్లో అమలు కానివి, ఎక్కడ ఆగాయో. వినియోగ పత్రాలు పంపాల్సిన ప్రాజెక్టులు. పీహెచ్‌డీ మౌఖిక పరీక్షలకు పరీక్షకులు ఖరారు కాని థీసిస్‌లు. సంతకం కాకుండా మిగిలిన ఒప్పందాలు. ఇవన్నీ పది పేజీల్లో పడతాయి. రోస్టర్ రిజిస్టర్ ఎక్కడిదాకా సరిచూశారో, ఏ పాయింటు దగ్గర సందేహం ఉందో, అది ఏ సెక్షన్‌లో ఎవరి అధీనంలో ఉందో కూడా రాయాలి. వచ్చేవారు దాన్ని వెతకడానికే మొదటి రెండు నెలలు పోగొట్టుకుంటున్నారు.

పదవీ విరమణ వయసు రాకపోతే వీసీ తన పాత విభాగానికి ప్రొఫెసర్‌గా తిరిగి వెళతారు. వీసీగా చేసిన కాలం సర్వీసులోనే కలుస్తుంది. సోమవారం ఉదయం టైమ్‌టేబుల్‌లో ఆయన పేరు ఉంటుంది, ఎమ్మెస్సీ రెండో ఏడాది, మూడో పీరియడ్.